మేలుజాతి కుక్కలు – అధివృక్క గ్రంథుల జబ్బు

గద్వాల కోట ముందు, వనపర్తి బజారులో, నాగర్‌కర్నూలు వీధులలో తిరిగే కుక్కలకు వంశావళి ఎవరూ వ్రాయలేదు. కృష్ణా తుంగభద్రల నడుమ ఉన్న నడిగడ్డలో గొర్రెల మందల వెంట నడిచే కుక్కలకు గాని, అమ్రాబాదు అడవులలో చెంచుల గుడిసెల ముందు పడుకొనే కుక్కలకు గాని తాత ఎవరో, ముత్తాత ఎవరో చెప్పగలవారు లేరు. ఏ పిల్ల బ్రతకాలో, ఏది పోవాలో అక్కడ మనిషి నిర్ణయించడు. ఎండ, ఆకలి, రోగం, అడవిలో అయితే చిరుతపులి నిర్ణయిస్తాయి. ఆ తీర్పు కఠినమైనదే గాని, దానిలో ఒక లాభం ఉన్నది. పుట్టుకతో లోపం గల కుక్క పిల్లలను కనేవరకు నిలవడం కష్టం. నిలిచినా, దానికి జతగా దొరికేది సాధారణంగా వేరొక వీధిలో పుట్టిన, చుట్టరికం లేని కుక్క.

పట్టణాలలో ఇప్పుడు వేరు రకపు కుక్కలు కూడా కనిపిస్తున్నాయి. లాబ్రడార్, జర్మన్ షెపర్డ్, పొమెరేనియన్ వంటి జాతుల పిల్లలను అమ్మేవారు “కాగితాలున్న పిల్ల” అని చెప్పి ఎక్కువ ధర అడుగుతారు. కాగితాలంటే వంశావళి, మూడు నాలుగు తరాల పెద్దల పేర్లు అందులో ఉంటాయి. కొనేవారు దానిని నాణ్యానికి గుర్తుగా భావిస్తారు. జీవశాస్త్రం చదివినవారు అదే కాగితంలో మరొక సంగతి వెదకుతారు. తల్లి వైపునా, తండ్రి వైపునా ఒకే పేరు ఎన్నిసార్లు వచ్చింది? ఈ ప్రశ్న ఎంత ముఖ్యమైనదో తెలియడానికి మేలుజాతి కుక్కలలో వంశపారంపర్యంగా కనిపించే ఒక జబ్బును పరిశీలించవచ్చు. అది అధివృక్క గ్రంథులు ఎండిపోయే జబ్బు.

వృక్కాలంటే మూత్రపిండాలు. వాటికి చేరువలో, ఒక్కొక్క దానికి ఒక్కొక్కటి చొప్పున ఉండే చిన్న వినాళ గ్రంథులు కనుక వీటికి అధివృక్క గ్రంథులని పేరు వచ్చింది. ఒక మాదిరి కుక్కలో ఎడమవైపు గ్రంథి పరిమాణంలోనూ, నడుము నొక్కుకొన్న ఆకారంలోనూ వనపర్తి రైతులు పండించే వేరుశనగ కాయను పోలి ఉంటుంది. దానిని అడ్డంగా కోసి చూస్తే రెండు భాగాలు కనిపిస్తాయి. లోపలిది దవ్వ, బయటిది వల్కలం. దవ్వ నుంచి ఎడ్రినలిన్ వస్తుంది. పాము కనిపించగానే గుండె దడదడ కొట్టుకొనడం, వెంట్రుకలు నిక్కబొడుచుకొనడం దీని పనే. అయితే ప్రాణం నిలబెట్టేది దవ్వ కాదు, వల్కలం. దవ్వను తీసివేసినా జంతువు బ్రతుకుతుంది. వల్కలం పోతే కొద్ది రోజులలోనే చనిపోతుంది.

వల్కలంలో తయారయ్యే హార్మోనులలో రెండు ముఖ్యమైనవి. మొదటిది కార్టిసాల్. ఆకలి, జ్వరం, గాయం, భయం వంటి కష్టం వచ్చినప్పుడు నెత్తురులో చక్కెరను, రక్తపు పోటును పడిపోకుండా కాపాడేది ఇదే. రెండవది ఆల్డోస్టెరాన్. ఇది మూత్రపిండాలకు కాపలాదారు వంటిది. మూత్రంలో కొట్టుకొనిపోబోయే సోడియంను వెనుకకు లాగి నెత్తురులో చేరుస్తుంది, అదనపు పొటాసియంను బయటికి పంపుతుంది. సోడియం ఉన్నచోటనే నీరు నిలుస్తుంది కనుక, ఆల్డోస్టెరాన్ లేని శరీరం ఉప్పునూ నీటినీ రెంటినీ పోగొట్టుకొంటుంది. నెత్తురు పరిమాణం తగ్గుతుంది, పోటు పడిపోతుంది. మరొకవైపు పొటాసియం పేరుకొని గుండె కొట్టుకొనడాన్ని మందగింపజేస్తుంది.

మనుషులలో ఈ జబ్బును మొదట వివరంగా వర్ణించినవాడు లండనులోని గైస్ ఆసుపత్రి వైద్యుడు థామస్ ఎడిసన్. 1855లో ప్రచురించిన చిన్న గ్రంథంలో, నానాటికీ నీరసించి, చర్మం నల్లబడి చనిపోయిన రోగులలో ఈ గ్రంథులు చెడిపోయి ఉండటాన్ని ఆయన చూపించాడు. ఆ మరుసటి సంవత్సరమే బ్రౌన్ సెకార్డ్ అనే శాస్త్రజ్ఞుడు, ఈ గ్రంథులను తీసివేసిన జంతువులు బ్రతకవని ప్రయోగాలు చేసి చెప్పాడు. తరువాత 75 ఏళ్ల వరకు జబ్బు పేరు తెలుసు గాని మందు తెలియదు. 1930 ప్రాంతంలో ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయంలో స్వింగిల్, ఫిఫ్నర్ అనేవారు వల్కలం నుంచి తీసిన రసాన్ని ఎక్కించి, గ్రంథులు లేని పిల్లులను, పిమ్మట కుక్కలను బ్రతికించగలిగారు. వల్కలపు హార్మోనులపై చేసిన పరిశోధనలకు 1950లో కెండాల్, రైక్‌స్టైన్, హెంచ్‌లకు నోబెల్ బహుమతి లభించింది. ఆల్డోస్టెరాన్ శుద్ధరూపంలో చేతికి వచ్చింది 1953లో. మానవుని జబ్బుకు మందు కనిపెట్టడంలో ఇంత సేవ చేసిన కుక్కకు కూడా అదే జబ్బు సహజంగా వస్తుందని వైద్య పత్రికలలో మొదట వెలువడినది సరిగ్గా ఆ సంవత్సరంలోనే కావడం విచిత్రం.

కుక్కలలో ఈ జబ్బు సాధారణంగా మూడు నాలుగు ఏళ్ల వయస్సులో బయటపడుతుంది. చాలా సందర్భాలలో శరీరపు రక్షక కణాలే వల్కలాన్ని పరాయి వస్తువుగా పొరబడి దాడి చేసి నాశనం చేస్తాయి. వల్కలంలో నూటికి 85 నుంచి 90 పాళ్లు పోయేవరకు పైకి ఏమీ తెలియదు. తెలిసినప్పుడు కూడా స్పష్టంగా తెలియదు. కుక్క రెండు రోజులు తిండి మానుతుంది, ఒకసారి వాంతి చేసుకొంటుంది, వెనుక కాళ్లు వణకుతాయి, ఒక వారం గడిచేసరికి మామూలుగా ఉంటుంది. ఇంటివారు ఎండదెబ్బ అనుకొంటారు, పడని తిండి తిన్నదనుకొంటారు. వైద్యుడు సెలైన్ ఎక్కిస్తే గంటలలో లేచి తిరుగుతుంది. దానితో అందరూ జబ్బు నయమయిందనుకొంటారు. నిజానికి సెలైన్‌లోని ఉప్పు, పోయిన సోడియంను తాత్కాలికంగా పూడ్చింది, అంతే. మళ్లీ నెలకో, రెండు నెలలకో, ప్రయాణం చేసినప్పుడో, దీపావళి టపాకాయల మోతకు బెదరినప్పుడో కుక్క కుప్పకూలుతుంది. కార్టిసాల్ అవసరం పెరిగేది అటువంటి వేళలలోనే.

అనుభవం గల పశువైద్యుడు ఇక్కడ ఒక చిన్న విషయం గమనిస్తాడు. వాంతులతో నీరు పోగొట్టుకొని నీరసించిన జంతువుకు గుండె వేగంగా కొట్టుకోవాలి. ఈ కుక్కకు నెమ్మదిగా కొట్టుకొంటుంది. అప్పుడు నెత్తురులో సోడియం, పొటాసియం కొలుస్తారు. ఆరోగ్యంగా ఉన్న కుక్కలో పొటాసియం ఒక వంతు ఉంటే సోడియం 27 నుంచి 40 వంతుల వరకు ఉంటుంది. 27 కంటే తగ్గితే అనుమానించవలసిందే. అయితే మూత్రపిండాల జబ్బులోనూ, కొన్ని పేగుపురుగుల వల్లనూ ఈ నిష్పత్తి తగ్గవచ్చు. మరి కొన్ని కుక్కలలో ఆల్డోస్టెరాన్ చెడకుండా కార్టిసాల్ మాత్రమే తగ్గి, నిష్పత్తి సరిగానే ఉండవచ్చు. కనుక ఇంతటితో తీర్మానించరాదు. అసలు పరీక్ష మరొకటి ఉన్నది. మెదడు అడుగున ఉండే పీయూష గ్రంథి ఒక హార్మోనును పంపి వల్కలాన్ని పని చేయిస్తూ ఉంటుంది. ఆ హార్మోనును సూదిమందుగా ఇచ్చి, ఇవ్వకముందు ఒకసారీ, గంట తరువాత ఒకసారీ నెత్తురు తీసి కార్టిసాల్ కొలుస్తారు. మంచి గ్రంథి అయితే కొరడా తగిలిన గుర్రం వలె కార్టిసాల్‌ను పెంచుతుంది. ఎండిపోయిన గ్రంథి కదలదు.

జబ్బు తెలిసిన పిమ్మట వైద్యం కష్టమైనది కాదు. ఆల్డోస్టెరాన్‌కు బదులుగా నెలకు ఒకసారి చొప్పున సూదిమందు గాని, రోజూ ఫ్లూడ్రోకార్టిసోన్ మాత్రలు గాని ఇస్తారు. కార్టిసాల్‌కు బదులుగా చాలా తక్కువ మోతాదులో ప్రెడ్నిసొలోన్ ఇస్తారు. ఈ వైద్యంతో కుక్క దాదాపు పూర్తి ఆయుష్షు బ్రతుకుతుంది. ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. దురదకనో మరి దేనికనో కుక్కకు నెలల తరబడి స్టీరాయిడ్ మాత్రలు వేసి, ఒక్కసారిగా ఆపివేయడం అలవాటుగా ఉన్నది. బయటి మందు వస్తున్నంతకాలం వల్కలం పని మాని నిద్రపోతుంది. మందు ఆగిన రోజున అది వెంటనే మేల్కొనదు. ఇది వంశపారంపర్యమైనది కాదు, మనిషి చేతులారా తెచ్చినది. మోతాదు క్రమంగా తగ్గిస్తే రాదు.

ఇక వంశం సంగతి. కుక్కలన్నింటినీ కలిపి లెక్కిస్తే ఈ జబ్బు వెయ్యింటికి మూడింటికి మించి రాదు. కాని కొన్ని జాతులలో లెక్క మారిపోతుంది. అమెరికాలో 635 బియర్డెడ్ కోలీ కుక్కలను గురించి సేకరించి 2002లో ప్రచురించిన వివరాలలో 60 కుక్కలు ఈ జబ్బు గలవి. 2003లో ప్రచురితమైన మరొక పరిశోధనలో 778 పెద్ద పూడిల్ కుక్కలలో నూటికి 8.6 జబ్బు గలవి. కుక్క జబ్బుపడిన యజమానులే ఇటువంటి పరిశోధనలకు ముందుగా వివరాలు పంపుతారు కనుక ఈ సంఖ్యలను కొంత తగ్గించి చదువుకొనవలసి ఉంటుంది. ఎంత తగ్గించినా, వెయ్యింటికి మూడు మాత్రం కావు. మరొక విశేషం ఏమంటే, మామూలు కుక్కలలో ఈ జబ్బు ఆడవాటికి ఎక్కువగా వస్తుంది. పూడిల్ జాతిలో ఆడ, మగ భేదం లేకుండా వస్తుంది. అంటే అక్కడ వంశపు బరువు మిగిలిన కారణాలను మించిపోయిందన్నమాట.

పూడిల్ జాతికి ఇది ఎలా పట్టుకొన్నది? 20వ శతాబ్దపు మధ్య కాలంలో ఉత్తర అమెరికాలో ప్రదర్శనలలో బహుమతులు గెలిచిన కొద్దిపాటి కుక్కల సంతానం జాతినంతా ఆక్రమించింది. గెలిచిన మగకుక్క కోసం అందరూ ఎగబడతారు. ఒక్క మగకుక్కకు వందలకొద్దీ పిల్లలు పుడతాయి. ఆ పిల్లలను మళ్లీ తమలో తమకే జత కలుపుతారు. వంశావళి పుస్తకం మూసి ఉన్నది కనుక బయటి కుక్కకు ప్రవేశం లేదు. పైగా జబ్బు బయటపడేది మూడు నాలుగు ఏళ్లకు. అప్పటికే ఆ కుక్క రెండు మూడు ఈతలు కని ఉంటుంది, లేదా ఎన్నో ఈతలకు తండ్రి అయి ఉంటుంది. పెంపకందారుడు జబ్బును చూసేనాటికి జన్యువులు ఊళ్లు దాటిపోయి ఉంటాయి.

పోర్చుగీసు నీటి కుక్క కథ కూడా ఇటువంటిదే. జాలరులకు వలలు లాగడంలో సాయపడిన ఈ జాతి అంతరించిపోయే దశలో, 1930 తరువాత ఒక పోర్చుగీసు సంపన్నుడు కొద్ది కుక్కలను చేరదీసి నిలబెట్టాడు. నేటి కుక్కలన్నీ ఆ కొద్ది వాటి సంతానమే. అమెరికాలో యూటా విశ్వవిద్యాలయంలో సోయా చిక్కుడు జన్యువులపై పని చేస్తున్న గోర్డన్ లార్క్ అనే శాస్త్రజ్ఞుడు ఈ జాతికి చెందిన జార్జీ అనే కుక్కను పెంచాడు. 1996లో అది చనిపోయింది. దాని స్థానంలో మరొక పిల్ల కోసం వెదకుతూ వెళ్లిన ఆయనకు ఒక పెంపకందారు పిల్లను ఊరికే ఇచ్చి, బదులుగా తమ కుక్కల జన్యువులను పరిశోధించమని కోరింది. చిక్కుడు మొక్కలను చూసే మనిషి అలా కుక్కల లోకంలోకి వచ్చాడు. యజమానులు ఓపికగా దాచిన వంశావళులు ఆయనకు పెట్టుబడి అయ్యాయి. 2006లో లార్క్, ఆయన సహచరులు ఈ జబ్బుకు సంబంధించిన రెండు చోట్లను కుక్క 12వ, 37వ క్రోమోజోములలో గుర్తించారు. ఆ రెండు చోట్లా రక్షక కణాలను అదుపు చేసే జన్యువులే ఉన్నాయి. మనుషులలో ఎడిసన్ జబ్బుతో సంబంధం ఉన్నవీ అటువంటి జన్యువులే. అమెరికా అధ్యక్షుడు కెనెడీకి ఈ జబ్బు ఉండేది. ఆయన సోదరి యూనిస్‌కు కూడా ఉండేది.

పూడిల్‌లోనూ, నీటి కుక్కలోనూ ఇది ఒక్క జన్యువు చేసే పని కాదు. అనేక జన్యువులు కలిసి దారి చేస్తాయి. కెనడాకు చెందిన నోవాస్కోషియా టోలర్ అనే బాతుల వేట కుక్కలో మాత్రం, అయిదారు నెలల పసివయస్సులోనే వచ్చే ఒక రకం ఒకే జన్యువులోని లోపం వల్ల వస్తుంది. ఇది అంతర్గత లక్షణం. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండు లోపాలూ చేరిన పిల్లకే జబ్బు. రెండూ చేరినవాటిలో కూడా నాలుగింట మూడింటికి మాత్రమే కనిపిస్తుంది. ఒక్కటే ఉన్న కుక్క ఆరోగ్యంగా ఉండి, దానిని సంతానానికి అందిస్తుంది. దీనికి జన్యుపరీక్ష వచ్చింది. వాహకమైన కుక్కను పెంపకం నుంచి తీసివేయనక్కర లేదు. మరొక వాహకంతో జత కలపకుండా ఉంటే చాలు. వాహకాలన్నిటినీ తీసివేస్తే, ఉన్న కొద్ది వంశాలూ ఇంకా కుంచించుకొనిపోయి, వేరొక దాగిన లోపం తలయెత్తుతుంది.

అంతర్గత లక్షణం, దగ్గర చుట్టరికం కలిస్తే ఏమవుతుందో నల్లబల్లపై లెక్క వేయవచ్చు. ఉదాహరణకు ఒక జన్యువు ప్రతులలో 50కి ఒకటి లోపం గలది అనుకొనండి. చుట్టరికం లేని జంటకు పుట్టే సంతానంలో రెండూ లోపం గలవి కావడానికి అవకాశం 50ని 50 చేత హెచ్చిస్తే వచ్చే 2,500లో ఒకటి. చుట్టరికం ఉన్నప్పుడు, ఒకే పూర్వీకుని జన్యువు రెండు దారులలో వచ్చి ఒకే బిడ్డలో కలుసుకొనే అవకాశం దీనికి తోడవుతుంది. దీనినే 1922లో అమెరికా శాస్త్రజ్ఞుడు సీవాల్ రైట్ అంతఃప్రజనన గుణకం అన్నాడు. మేనత్త మేనమామల బిడ్డలకు పుట్టిన సంతానంలో ఇది 16లో ఒక వంతు. మేనమామకు, మేనకోడలికి పుట్టిన సంతానంలో 8లో ఒక వంతు. తండ్రి ఒకటై తల్లులు వేరైన కుక్కల జతకు కూడా సరిగ్గా 8లో ఒక వంతే. ఒకే తల్లిదండ్రుల పిల్లలను జత కలిపితే నాలుగింట ఒక వంతు. ఈ గుణకాలను వేసి లెక్కిస్తే, పైన 2,500లో ఒకటిగా ఉన్న అవకాశం మేనరికపు పెళ్లిలో సుమారు 615లో ఒకటి, మేనమామ మేనకోడళ్ల పెళ్లిలో 350లో ఒకటి, తోడబుట్టిన కుక్కల జతలో 190లో ఒకటి అవుతుంది.

తెలుగునాట మేనరికాలు ఎంత మామూలో చెప్పనక్కర లేదు. 1957లో భారతదేశానికి వచ్చి స్థిరపడిన జె.బి.ఎస్. హాల్డేన్ శిష్యుడు, పిఠాపురానికి చెందిన ద్రోణంరాజు కృష్ణారావు, మీరాఖాన్‌తో కలిసి 1960లోనే ఆంధ్రప్రదేశ్‌లోని దగ్గరి పెళ్లిళ్లను లెక్కించి ప్రచురించాడు. ఆ లెక్కలు ఆనాడు శాస్త్రజ్ఞుల ఆసక్తికి సంబంధించినవి. అధివృక్క గ్రంథుల విషయంలో అవి ఎంత దగ్గరగా తాకుతాయో తరువాత తెలిసింది.

పసిపిల్లలలో ఈ గ్రంథులకు పుట్టుకతోనే వచ్చే ఒక లోపం ఉన్నది. ఇది ఎడిసన్ జబ్బు కాదు. వల్కలం ఎండిపోదు, పైగా వాచి పెద్దదవుతుంది. కార్టిసాల్‌ను తయారు చేసే ఒక ఎంజైము లేకపోవడం దీనికి కారణం. కార్టిసాల్ రాకపోయేసరికి పీయూష గ్రంథి ఇంకా ఇంకా తరుముతుంది. వల్కలం పెరుగుతుంది, దారి మూసుకొన్న కాలువ గట్టు తెగినట్లు, కార్టిసాల్ కావలసిన పదార్థమంతా పురుష హార్మోనులుగా మారిపోతుంది. అందువల్ల ఆడశిశువును చూసి మగశిశువని పొరబడటం కూడా జరుగుతుంది. మగశిశువులో పైకి ఏ గుర్తూ ఉండదు; అతనికే ప్రమాదం ఎక్కువ. లోపం తీవ్రమైనదైతే ఆల్డోస్టెరాన్ కూడా రాదు. పుట్టిన రెండవ వారంలో పాలు తాగడం మానడం, వాంతులు, బరువు తగ్గడం కనిపిస్తాయి. నెత్తురులో సోడియం పడిపోతుంది, పొటాసియం పెరుగుతుంది. కుక్కలో చూసినదే మళ్లీ ఇక్కడ. ఇంటిలో దానిని వాంతులూ విరేచనాలూ అంటారు, దిష్టి అంటారు. బిడ్డ పోతుంది. రెండవ కాన్పులోనూ అలాగే జరిగితే తల్లి గర్భాన్ని నిందిస్తారు. లోపం తల్లిదండ్రులిద్దరి నుంచీ చెరి సగం వచ్చినదని ఎవరికీ తెలియదు.

హైదరాబాదులోని నాలుగు ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రులలో 18,300 మంది నవజాత శిశువులను పరీక్షించి 2004లో ప్రచురించిన ఫలితాలలో, ఈ లోపం 2,575 మందికి ఒకరి చొప్పున కనిపించింది. ప్రపంచంలో సాధారణంగా చెప్పే లెక్క 15,000 మందికి ఒకరు. భారత వైద్య పరిశోధన మండలి హైదరాబాదుతో సహా అయిదు నగరాలలో లక్షకు పైగా శిశువులను పరీక్షించినప్పుడు సగటు 5,762 మందికి ఒకరు. చెన్నైలో మాత్రం 2,036 మందికి ఒకరు. దక్షిణాదిలో ఎక్కువగా ఉండటానికి దగ్గరి పెళ్లిళ్లు ఒక కారణమని పరిశోధకుల అభిప్రాయం. అయితే కుక్కల పెంపకాన్ని మనుషుల పెళ్లిళ్లతో ఒకే కాటా మీద తూచరాదు. మేనరికాలలో నూటికి తొంభైకి పైగా జంటలకు ఆరోగ్యవంతులైన పిల్లలే పుడతారు. చుట్టరికం లోపాన్ని పుట్టించదు. ముందే ఉండి దాగిన దానిని బయటికి తెస్తుంది, అంతే. ఒకసారి అటువంటి బిడ్డ పుట్టిన ఇంట, లేదా నెలలోపు పిల్లలు కారణం తెలియకుండా పోయిన ఇంట, మళ్లీ దగ్గరి సంబంధం చేసేముందు జన్యు సలహా తీసుకొనడం అవసరం.

ఊరికి దగ్గరగా మరొక రకపు పెంపకం కూడా చూడవచ్చు. అమ్రాబాదు కొండలలోని పొడతూర్పు పశువులకు ఇప్పుడు దేశీయ జాతిగా గుర్తింపు వచ్చింది. ఒంటిమీద పొడలు ఉండటం వల్లా, కొనేవారికి తూర్పు కొండల నుంచి రావడం వల్లా ఆ పేరు. ఘటప్రభ ఒడ్డున ముధోల్ సంస్థానపు రాజు మాలోజీరావు ఘోర్పడే ప్రోత్సహించిన ముధోల్ వేటకుక్కకూ గుర్తింపు వచ్చింది. ఘటప్రభ కృష్ణలో కలిసి, ఆ నీరే జూరాల దగ్గర గద్వాలకు చేరుతుంది. గుర్తింపుతో పాటు ధర పెరుగుతుంది, ధరతో పాటు వంశావళి వస్తుంది. వంశావళి వ్రాసేవారు ఒకే మేటి మగదానికి ఎన్ని ఈతలు ఇవ్వాలో ఆదిలోనే హద్దు పెట్టుకొంటే పూడిల్ పెంపకందారులకు పట్టిన అవస్థ తప్పుతుంది. జబ్బుపడిన పిల్లలను కూడా పుస్తకంలో వ్రాయాలి. బహుమతులు మాత్రమే వ్రాసిన పుస్తకం జన్యుశాస్త్రానికి పనికిరాదు.

శిశువు విషయంలో పరీక్ష చాలా చిన్నది. పుట్టిన రెండవ రోజు తరువాత మడమ మీద సన్నగా గుచ్చి, నాలుగు చుక్కల నెత్తురును అద్దుడు కాగితం మీద తీసి ఆరబెడతారు. కార్టిసాల్‌గా మారకుండా నిలిచిపోయిన పదార్థం ఆ ఎండిన మరకలో ఎంత ఉన్నదో ప్రయోగశాలలో కొలుస్తారు. నెలలు నిండకుండా పుట్టిన శిశువులలో ఎక్కువగా కనిపించి భయపెట్టవచ్చు కనుక రెండవసారి చూస్తారు. లోపం నిజమని తేలితే హైడ్రోకార్టిసోన్ రోజుకు మూడుసార్లు, ఫ్లూడ్రోకార్టిసోన్ రోజుకు ఒకసారి జీవితాంతం వాడవలసి ఉంటుంది. జ్వరం వచ్చిన రోజున హైడ్రోకార్టిసోన్ మోతాదు రెండింతలో మూడింతలో పెంచుతారు. ఇవి గాక మొదటి సంవత్సరమంతా, వైద్యుడు తూచి చెప్పినంత ఉప్పును రోజూ పాలలో కలిపి పట్టిస్తారు.